మహబూబ్బీ హాజరు

ఆ యంత్రం అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. దాని మీద బొటనవేలు పెడితే, మనిషి వచ్చినట్టయితే పచ్చదీపం వెలుగుతుంది. లేకపోతే ఎర్రదీపం. మహబూబ్బీ మళ్ళీ జైలుకు పోవాలా వద్దా అన్నది రియాద్‌లోని ఆ చిన్న పెట్టె చేతిలో ఉండింది.

ఆమెది రాయచోటి. నలభై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేల కడిగే పని. యజమాని ఇంటి నుంచి పారిపోయి వచ్చిన షబానా అనే కదిరి అమ్మాయిని కంపెనీ క్వార్టర్స్‌లో తన మంచం పక్కన పరుపు వేసి పదకొండు రోజులు దాచింది. షబానా ఎంబసీ వాళ్ళ సాయంతో ఊరు చేరింది. దాచినందుకు మహబూబ్బీకి ఎనిమిది నెలల శిక్ష పడింది. నాలుగు నెలలు లోపల ఉన్నాక, మిగతా నాలుగు నెలలు బయట పని చేసుకుంటూ పూర్తి చేయవచ్చన్నారు. ఊరు దాటకూడదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండులోగా ఆఫీసుకు వచ్చి బస్మా వేయాలి. బస్మా అంటే వేలిముద్ర. మూడు ఆదివారాలు తప్పితే మిగిలిన శిక్షంతా లోపలే.

మొదటి ఆదివారమే ఎర్రదీపం వెలిగింది. బయట శిక్ష పూర్తి చేస్తున్న ఆడవాళ్ళ హాజరు చూసే ఉద్యోగిని హెస్సా, ముప్పై దాటని మనిషి, ఎవరి మీదా గొంతు పెంచదు. నాలుగుసార్లు వేయించి, "సరే, వచ్చే వారం రా" అంది. మహబూబ్బీ ఆ వారం హాజరు పడిపోయిందనుకుని బస్సెక్కింది. సాయంత్రానికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఒక గైర్‌హాజరు.

రెండో ఆదివారం ఆమె తెలివిగా వెళ్ళాననుకుంది. రాయచోటి రేషన్ షాపులో ముసలివాళ్ళ వేళ్ళు మిషన్‌కు పట్టకపోతే డీలరే చెప్పేవాడు, తలలో రుద్దుకోని పెట్టవ్వా అని. తలనూనె తగిలితే గీతలు తేలతాయి. మహబూబ్బీ తల్లి మదార్బీ బియ్యం తెచ్చుకున్నన్నాళ్ళూ అలాగే తెచ్చుకుంది. మహబూబ్బీ కూడా స్కార్ఫు కింద వేలు దూర్చి, పాపిట్లో రుద్ది, నుదుటి మీద ఒకసారి రాసి పెట్టెకు ఆనించబోయింది. హెస్సా ఆ చెయ్యి గాలిలోనే పట్టుకుంది.

"వేలికి ఏం పూశావు?"

"నూనె. మా ఊళ్ళో అట్లే చేస్తాం."

"మీ ఊళ్ళో యంత్రాలను మోసం చేస్తారా?"

స్పిరిట్ దూదితో వేలు తుడిపించి పెట్టించింది. ఎర్రదీపం. రెండో గైర్‌హాజరు, పక్కన 'యంత్రాన్ని మోసగించే ప్రయత్నం' అని ఒక ముక్క. మహబూబ్బీ బయటికి వస్తుండగా నెట్ పోయింది. హెస్సా సొరుగులోంచి పచ్చ అట్ట పుస్తకం తీసి, తర్వాతి వరసలో ఉన్న ఇథియోపియా మనిషితో సంతకం పెట్టించుకోవడం ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది.

మరునాడు ఆస్పత్రి స్టోర్‌రూమ్‌లో సూపర్‌వైజర్ ఖాజా ఒక కాగితం పట్టుకొచ్చాడు. ప్రొద్దుటూరు వాడు, ఆమెకన్నా చిన్నవాడు, ఆపా అని పిలుస్తాడు.

"ఆపా, 'తెలీక చేసినా, మాఫ్ చేయండి' అని అరబీలో టైపు చేయించుకోనొచ్చినా. సంతకం పెట్టు. మెత్తబడ్తారు."

"తెలీక చేసిందెవురు?"

"మాటవరసకాపా."

"తెలిసే చేసినా ఖాజా. ఆ పిల్ల వీపు నువ్వు చూళ్ళేదు, నేను చూసినా. మళ్ళా వస్తే మళ్ళా పండుకోబెడ్తా. ఆ మాట టైపు చేయించుకోనిరా, సంతకం పెడ్తా."

"అది టైపు చేసినోన్ని గూడా లోపలేస్తారు."

ఆమె తన బొటనవేలు వాడి ముఖం ముందు పెట్టింది. గచ్చు మీద అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉంది.

"ఎనిమిదేండ్లు బ్లీచు నీళ్ళల్లో పెడితే గీతలు యాడుంటాయి? ఈ వారం బకెట్ ముట్టను. గ్లౌజులిస్తే ముడతా."

"గ్లౌజులు నర్సులకాపా. మనకు నెలకొక జతే."

"అయితే నెలకొక దినం కడుగుతా."

"పనిలోంచి తీసేస్తారు."

"జైల్లో వేసినాక తీసేస్తారా, వేయకముందే తీసేస్తారా అడుగు పో."

ఖాజా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమంతా ఆమె అద్దాలు తుడిచింది, చెత్త సంచులు మార్చింది, బకెట్ దగ్గరికి పోలేదు. ఖాజా పైకి ఫిర్యాదు చేయలేదు. ఆమె వాటా వరండా రెండు రోజులు తానే కడిగాడు, ఎవరూ చూడని వేళ.

మూడో ఆదివారం పదకొండుకు ఆమె పెట్టె ముందు నిలబడింది. వేలి కొసన గీతలు ఆశకు తగినంత మాత్రమే తేలాయి. ఎర్రదీపం. ఇంకోసారి ఎర్రదీపం. హెస్సా తెర మీద ఏదో నొక్కి, "ఇంటికి వెళ్ళు. పైవాళ్ళే పిలుస్తారు" అంది.

"వాళ్ళు పిలిచేది జైలుకు."

"నా చేతిలో ఏముంది? నువ్వు రాలేదని యంత్రం రాసింది."

మహబూబ్బీ అరబీ వార్డుల్లో నేర్చుకున్నది, క్రియలు సగం ఉండవు. అయినా ఆ పూట సరిపోయింది. ఆమె వెళ్ళి గోడ పక్కన ఇనుప కుర్చీలో కూర్చుంది.

"నేను రాలేదు కదా. మరి ఇంటికి పొమ్మనేది ఎవర్ని?"

వరసలో ఉన్న ఇథియోపియా మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హెస్సా వినిపించుకోనట్టు తర్వాతి పేరు పిలిచింది. పన్నెండయింది. ఒంటిగంటయింది. వరసంతా ఖాళీ అయింది. రాని మనిషి కుర్చీలోంచి లేవలేదు.

"రెండుకు తలుపు వేస్తాం" అంది హెస్సా.

"వేసుకో. లోపల ఎవరూ లేరని రాసిపెట్టు. లేకపోతే ఆ పచ్చ పుస్తకం తియ్యి."

"అది యంత్రం చెడిపోయినప్పుడు."

"యంత్రం బాగుంటే చెడింది నా వేలు. ఈ ఊరి నేల కడిగి చెడింది. దానికీ ఆ పుస్తకమే."

హెస్సా లేచి వచ్చింది. ఆ చెయ్యి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసి, తన వేలితో ఆ వేలి కొసను ఒకసారి తడిమింది. పోయిన వారం నూనె గురించి ఏమీ అనలేదు. వెనక్కి వెళ్ళి పైఅధికారికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడి, రిసీవర్ మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నీకు రాయడం వచ్చా అంటున్నారు."

మదార్బీ బతికినన్నాళ్ళూ వేలిముద్రే. ఆ ఇంట్లో సంతకం నేర్చిన మొదటి ఆడమనిషి మహబూబ్బీ, ఏడో తరగతి దాకా చదివింది.

"వచ్చు. మూడు వారాలవీ రాస్తా. మూడుసార్లూ నేను వచ్చినా, నువ్వు చూసినావు."

హెస్సా ఆమె వైపు చూసింది. ఫోన్‌లో, "మూడుసార్లూ వచ్చింది. నేను చూశాను" అని చెప్పి పెట్టేసింది. పచ్చ పుస్తకంలో మూడు తేదీలు వేసి, ఒక్కోదాని కింద తన సంతకం పెట్టి, పెన్ను ఇచ్చింది.

మహబూబ్బీ మూడు వరసల్లో తెలుగులో పేరు రాసింది. తొందరపడలేదు. ప్రతి పేరు పక్కన ఇంకో మాట రాసింది.

"ఇదేమిటి?"

"హాజర్."

"హాదిరా?"

"మా దాంట్లో అట్లంటాం."

ఎనిమిదేళ్ళుగా ఆ మాట రోజుకు నూరుసార్లు ఆమె నోట వచ్చేది. బకెట్ తెమ్మంటే హాదిర్, గది మళ్ళీ కడగమంటే హాదిర్. చిత్తం మేడమ్ అని దాని అర్థం.

హెస్సా నవ్వబోయి, "అంటే ఇకనుంచి చెప్పినట్టు వింటావన్నమాట" అంది.

"కాదు. వచ్చినా అని."

బస్టాపులో నిలబడి ఆమె ఖాజాకు ఫోన్ చేసింది. అతను రింగ్ పూర్తిగా మోగనివ్వలేదు.

"ఏమైందాపా? యాడుండావు?"

"బయటే ఉండా. ఇంకా పద్నాలుగు ఆదివారాలు ఉండాయి, పుస్తకంలో సంతకం పెడ్తే చాలు. రేపు బకెట్ ముడతా, గ్లౌజులు తెచ్చిపెట్టు. నర్సులవి కాదు, పెద్దవి."