గ్లాసుకు అతుక్కున్న నాలుక

నా చిన్నప్పుడు పుంగనూరులోని మా ఇంట్లో గ్లాసుకు మూతి తగిలించి నీళ్లు తాగడం పెద్ద నేరం. తల పైకెత్తి, గ్లాసును ఎత్తుగా పట్టుకుని, ధారగా గొంతులో పోసుకోవాలి. పొరపాటున పెదవి తగిలిందా, మా అవ్వ ఆ గ్లాసును చింతపండు పెట్టి తోమించేది. అంతటితో ఊరుకోకుండా, "ఎంగిలి చేస్తే నాలుక ఊడిపోతాది, సూస్తాండు" అనేది. తక్కిన పిల్లలకు దెయ్యాలంటే భయం. నాకు నా నాలుక గురించే భయం.

మా వీధి మొత్తానికి ఫ్రిజ్ పక్కింటి అక్క వాళ్లకే ఉండేది. కొత్తగా కాపురానికి వచ్చిన అక్క. ఎండలు ముదిరాక ఒకరోజు పలమనేరు మామిడిపండ్లు పిసికి, టెంకలు చీకమని నాకిచ్చి, గుజ్జులో చక్కెర, ఏలకుల పొడి కలిపి స్టీలు గ్లాసుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టింది. నేను ఐసు తినడం అదే మొదలు. మరుసటి రోజు మధ్యాహ్నం గడ్డకట్టిన గ్లాసు నా చేతికిచ్చి, స్పూన్ తెస్తానుండమని లోపలికి వెళ్లింది.

నేను అలవాటు కొద్దీ తల పైకెత్తి, నోరు తెరిచి, గ్లాసు వంచాను. ఏమీ పడలేదు. మెడ నొప్పి పుట్టేదాకా అట్లాగే నిలబడ్డాను. మామిడి వాసన ముక్కు మీదే ఉంది, చుక్క మాత్రం రాలదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, తెల్లగా మంచు పట్టిన అంచు మీద నాలుక పెట్టాను.

అతుక్కుపోయింది. లాగితే చురుక్కుమంది. అవ్వ మాట నిజమైందనుకున్నాను. పిలుద్దామంటే నోట్లోంచి "అ... అ..." తప్ప మాట రాలేదు. గ్లాసు బరువుకే నాలుక ఊడి వస్తుందేమోనని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఇంక జన్మలో అమ్మా అని పిలవలేనేమో అనిపించేసరికి కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. అప్పుడే వీధిలోంచి మా అవ్వ గొంతు వినిపించింది. "మే, యాడుండావు?"

గ్లాసుతో సహా గోడవైపు తిరిగాను.

స్పూన్‌తో వచ్చిన అక్క నన్ను చూసి నవ్వలేదు, కేక పెట్టలేదు. నా గడ్డం పట్టుకుని, "లాగొద్దు మా. అట్లే ఉండు. నేనుండాను కదా" అంది. చెంబుతో నీళ్లు తెచ్చి, అతుక్కున్న చోట కొంచెం కొంచెంగా పోసింది. చల్లదనం వదిలి గ్లాసు ఊడి వచ్చింది. నేను వెంటనే వేళ్లతో తడుముకున్నాను. నాలుక ఉంది, కానీ నాకు ధైర్యం చాలలేదు. ఎంగిలి చేశాను కాబట్టి రేపైనా ఊడిపోతుందని వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్క ఆ గ్లాసే తీసుకుంది. నా నాలుక అతుక్కున్న చోటనే తన నోరు పెట్టి, కరిగినంత మేరా చప్పరించి, పచ్చగా ఉన్న నాలుక బయటపెట్టింది.

"నాది ఉండాదా?"

ఉందని తల ఊపాను. నీది చూపించమంది. చూపించాను.

"నీదీ ఉండాది. ఇంకేం?"

అవ్వ గుమ్మంలోకి వచ్చేసరికి అక్క కొంగుతో మూతి తుడుచుకుని, "ఈడే ఉండాది అవ్వా, ఐసు తింటాండాది" అంది. నా చేతిలో స్పూన్ ఉంది.

ఇప్పటికీ నేను నీళ్లు ఎత్తుకునే తాగుతాను, ఆ అలవాటు కట్టెతోనే పోతుంది. కానీ కుప్పంలో ఉండే మా మనవరాలికి జ్వరమొచ్చి, మందు చూసి గజగజలాడితే, భయమెందుకే అని అనను. ఆ మందు స్పూన్‌తోనే ముందు నేనొక చుక్క నాకి, నాలుక బయటపెట్టి అడుగుతాను. "నాది ఉండాదా?"