మూడుసార్లు కాలిన ఫ్యూజ్

2024 జనవరి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఆ వారం చలి ముదిరింది. టెక్సస్‌లో ఇళ్ళు ఎండలను దృష్టిలో పెట్టుకుని కడతారు. చలి నాలుగు రోజులు గట్టిగా పట్టిందంటే మాలాంటి వాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. నేను ఇళ్ళలో ఏసీలు, ఫర్నెస్‌లు బాగుచేసే టెక్నీషియన్‌ని. గ్యాస్ మండించి, ఆ వేడిగాలిని పెద్ద ఫ్యాన్‌తో ఇల్లంతా పంపే యంత్రమే ఫర్నెస్. ఇక్కడ చాలా ఇళ్ళలో అది ఆటిక్‌లో, అంటే పైకప్పు కింద అటకలో ఉంటుంది. విజయవాడలో ఐటీఐ చేసి, అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డుతో వచ్చి, పద్నాలుగేళ్ళుగా ఈ అటకలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

సోమవారం పొద్దున్నే లావణ్య ఫోన్ చేసింది.

"అన్నా, హీట్ వస్తలేదు. ఇంట్ల యాభై ఆరుంది. పాపకు ఇరవై రోజులే, నెల ముందే పుట్టింది. డాక్టర్ వార్మ్‌గా ఉంచుమన్నడు. జర జల్ది రాండి."

ఇక్కడి యాభై ఆరంటే మన పదమూడు డిగ్రీలు. వెంటనే బయలుదేరాను. లావణ్యది కరీంనగర్, ఆమె భర్త కిరణ్‌ది గుంటూరు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అక్టోబరులో వాళ్ళ ఫర్నెస్‌కు వార్షిక సర్వీసు చేసింది నేనే కాబట్టి ఇల్లు తెలుసు.

ఆటిక్ ఎక్కి చూస్తే కంట్రోల్ బోర్డు మీద ఫ్యూజ్ కాలిపోయి ఉంది. వేలిగోరంత ఉంటుందది. ఫర్నెస్ నుంచి, హాల్లో ఉండి ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ దాకా సన్నటి వైర్లు వెళ్తాయి, ఇరవై నాలుగు వోల్టులవి. వాటిలో కరెంటు మోసే ఎర్ర వైరు ఇంకో వైరుకో, ఇనుప రేకుకో తగిలితే ఈ ఫ్యూజ్ కాలిపోయి బోర్డును కాపాడుతుంది. కిందికి దిగి హాల్లోకి వెళ్తే గోడకు కొత్త థర్మోస్టాట్ కనిపించింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనేనండి. క్రిస్మస్ సెలవుల్లో ఇన్‌స్టాల్ చేశాను," అన్నాడు కిరణ్. "పాత వైర్లు ఫొటో తీసుకుని, అవే కలర్స్, అలాగే కనెక్ట్ చేశాను."

విప్పి చూస్తే ఒక వైరు స్క్రూ కొంచెం వదులుగా ఉంది. నాకు అదే చాలింది. "వీడియోలు చూసి సొంతంగా చేస్తే ఇలాగే అవుతుంది కిరణ్ గారూ," అని బిగించి, కొత్త ఫ్యూజ్ వేశాను. లావణ్య భర్త వైపు చూసింది. నేను తలుపు దాటేలోపే వినిపించింది: "చెప్పిన కదా, దాన్ని ముట్టుకోకని!"

మంగళవారం మళ్ళీ ఫోన్. ఫ్యూజ్ మళ్ళీ కాలింది. వేరేది వేసి గంటసేపు నడిపితే ఫర్నెస్ చక్కగా నడిచింది. అయినా అనుమానం అక్కడే ఉంది కాబట్టి కొత్త థర్మోస్టాట్ తీసేసి, గరాజ్‌లో పడేసిన పాతదాన్ని తెచ్చి పెట్టాను.

"పైన ఆటిక్‌లో ఏమైనా కదిపారా?" అని కిరణ్‌ను అడిగాను.

"లేదండి. నేను ఆటిక్ ఎక్కనే లేదు."

నేను నమ్మలేదు. ఆ సంగతి నా మొహంలో లావణ్యకు కనిపించే ఉంటుంది. "నిజం చెప్పు కిరణ్, పాప ఉన్నదింట్ల," అంది. అతను పాపను భుజాన వేసుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోయాడు.

బుధవారం తొమ్మిది ఇళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లో చేతులు ఒక పని చేస్తుంటే బుర్ర ఆ ఫర్నెస్ దగ్గరే ఉంది. ఫోన్ మోగినప్పుడల్లా లావణ్యేనేమో అని ముందు నంబరు చూసేవాణ్ణి. మోగకపోయినా నెమ్మది లేదు. ఎందుకు కాలిందో తెలియకుండా ఫ్యూజ్ మార్చి వచ్చేశానని లోపల తొలుస్తూనే ఉంది. ఏదో వెతికి పట్టుకున్నట్టు మాట్లాడాను గానీ నిజానికి నేనేం పట్టుకోలేదు.

గురువారం పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. ఈసారి ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"మీరొచ్చినప్పుడే మంచిగుంటది అన్నా. మీరు పోంగనే ఆగిపోతది. పాప కాళ్ళు చల్లగైతున్నయ్. నేను పాపను తీస్కొని పక్కనే ప్లేనోల ఉన్న ఫ్రెండ్ ఇంటికి పోతున్న."

నేను వెళ్ళేసరికి పాపను కూర్చోబెట్టే కారు సీటు వాకిట్లో ఉంది. కిరణ్ డయాపర్ల సంచీ సర్దుతున్నాడు. పాత థర్మోస్టాట్‌తో కూడా ఫ్యూజ్ కాలిందంటే తప్పు దానిది కాదు. మెట్లు ఎక్కుతుంటే ఆమె అన్న మాటే చెవిలో మోగుతోంది. నేనుంటే బాగుంటుంది, వెళ్తే ఆగిపోతుంది. నేనున్నప్పుడు ఉండి, వెళ్ళాక మారేది ఏమిటి?

ఫర్నెస్ ముందుండే రేకు తలుపును ప్యానెల్ అంటాం. అది తీస్తే ఒక చిన్న స్విచ్ కరెంటు ఆపేస్తుంది. పరీక్షించేటప్పుడు ఆ స్విచ్‌ను టేపుతో నొక్కిపెట్టి, ప్యానెల్ తెరిచే నడుపుతాం. ఇంత వరకూ నేను చూసిందంతా ప్యానెల్ తెరిచి ఉంచే. వెళ్ళేటప్పుడు మాత్రమే మూస్తున్నాను.

కొత్త ఫ్యూజ్ వేసి, ప్యానెల్ మూసి, వెళ్ళకుండా అక్కడే దూలం మీద కూర్చున్నాను. పది నిమిషాలు ఫ్యాన్ తిరిగింది. ప్యానెల్ సన్నగా అదురుతోంది. అరచేత్తో కింది మూల గట్టిగా నొక్కాను. టక్కుమని అంతా ఆగిపోయింది.

ప్యానెల్ తీసి టార్చి వేశాను. ఆ సన్నటి వైర్లన్నీ ఉండే థర్మోస్టాట్ కేబుల్ లోపలికి రావలసింది రబ్బరు రింగున్న రంధ్రంలోంచి. అది రేకు అంచు మీదుగా వచ్చింది. మూసినప్పుడల్లా ప్యానెల్ దాన్ని అంచుకు అదుముతోంది. ఫ్యాన్ అదురుకు పైతొడుగు కోసుకుపోయి, ఎర్ర వైరులోని రాగి తళుక్కుమంటోంది. పక్కనే కేబుల్‌ను కట్టిన రెండు జిప్ టైలు, అంటే ప్లాస్టిక్ పట్టీలు, తోకలు ఏటవాలుగా కత్తిరించి ఉన్నాయి. అలా రెండేసి కట్టి, అలా కత్తిరించేది నేను. అక్టోబరులో ఫ్యాన్ శుభ్రం చేయడానికి కేబుల్ పక్కకు తీసి, తిరిగి దాని దారిలో పెట్టకుండా కట్టేసింది నేనే.

వైరు కత్తిరించి, జోడించి, రంధ్రంలోంచి తీయడానికి పావుగంట. కిందికి దిగి "వైరు ఎక్కడో కోసుకుపోయింది, సరిచేశాను" అంటే సరిపోతుంది. అందులో అబద్ధమూ లేదు. కింద కారు డోరు తెరిచిన చప్పుడు వినిపించింది. అలా అనేసి వెళ్తే ఆ ఇంట్లో ఈ చలికాలమంతా కిరణే తప్పు చేసినవాడిగా ఉండిపోతాడు.

తొడుగు పోయిన ఆ వైరు ముక్కను కత్తిరించి, చేత్తో పట్టుకుని దిగాను. ఇద్దరినీ పిలిచి చూపించాను.

"కిరణ్ గారు పెట్టిన థర్మోస్టాట్‌లో ఏ తప్పూ లేదమ్మా. అక్టోబరులో ఈ కేబుల్ నేనే తప్పుగా కట్టాను. మూడు రోజులు నా తప్పును ఆయన మీద వేశాను."

లావణ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూసింది. "మరి అంత గట్టిగ ఎట్ల చెప్పినరు అన్నా, ఈయనదే తప్పని?"

"ఎదురుగా కొత్తది కనిపించింది. ఇంక వెతకలేదు."

ఆమె కిరణ్ వైపు తిరిగి, "సారీ కిరణ్," అంది మెల్లగా. అతను తలూపాడు. నాతో అన్నాడు, "నేను ఎక్కలేదని మంగళవారమే చెప్పానండి."

"చెప్పారు. నేను వినలేదు," అన్నాను.

పైకి వెళ్ళి వైరు జోడించి, కేబుల్‌ను రంధ్రంలోంచి తీసి, ఫ్యూజ్ వేసి వచ్చాను. కొత్త థర్మోస్టాట్ తిరిగి పెట్టబోతుంటే అతను చెయ్యి చాచాడు. "నేను పెడతాను." ఫోన్‌లో ఫొటో చూసుకుంటూ ఒక్కో వైరూ నిదానంగా బిగించాడు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. రెండు గంటలు అక్కడే ఉన్నాను, ప్యానెల్ మూసి ఉంచే. ఇల్లు డెబ్బైకి, అంటే మన ఇరవై ఒక డిగ్రీలకు వచ్చాక లావణ్య కారు సీటు లోపలికి తెచ్చుకుంది.

నాకు మాత్రం కుదురు రాలేదు. అక్టోబరులో నేను సర్వీసు చేసిన ఇళ్ళ జాబితా తీశాను. ఆ వారాంతం, తరువాతి వారాంతం ఒక్కొక్కరికే ఫోన్ చేసి వెళ్ళాను. ఎనిమిది ఇళ్ళలో అంతా సరిగానే ఉంది. తొమ్మిదో ఇంట్లో, ఏ ఫిర్యాదూ లేని ఒక పెద్దావిడ ఆటిక్‌లో, కేబుల్ అదే అంచు మీద ఉంది. తొడుగు అరిగి నిగనిగలాడుతోంది గానీ ఇంకా తెగలేదు.

"బానే పనిచేస్తోంది కదయ్యా, ఏమైంది?" అని ఆవిడ కింద నుంచి కేకేసింది.

"ఇంకా ఏం కాలేదండీ. నేను చేసిన పనే, సరిచేస్తున్నాను," అన్నాను.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా సంచీలోంచి కరెంటు పరీక్షించే మీటరు బయటికి తీసేముందు ఒక ప్రశ్న అడుగుతాను: దీన్ని చివరిసారి తెరిచింది ఎవరు? జవాబు నా పేరే అయితే, మొదట నేను ముట్టుకున్న చోటే చూస్తాను.