పట్టుపురుగుల ఇంట్లో దోమతెర

ఒకప్పుడు నర్సుగా నా సంచిలో బీపీ మిషను, ఐరన్ మాత్రలు, గర్భిణుల వివరాలు రాసే తాయి కార్డులు మాత్రమే ఉండేవి. గర్భిణులతోనూ, పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళతోనూ దోమకాటు జ్వరాల సంగతి కూడా మాట్లాడాలని పైనుంచి చెప్పాక టార్చి లైటు, దోమతెరలు కూడా వచ్చి చేరాయి. కాపర్-టీ వేయించుకున్న ఒకావిడ ఇంటికెళ్ళి నీళ్ళతొట్టిలోకి లైటు వేస్తే, ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, "నువ్వు సూడాల్సింది నన్నా, మా తొట్టినా?" అంది. రెండూ అన్నాను. తొట్టిలో దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి మరి! దగ్గరుండి కడిగించి గానీ కదల్లేదు. పెత్తనం చెయ్యడమంటే నాకు కాస్త ఇష్టమే.

ఆ పెత్తనానికి ముకుతాడు వేసింది బైరకూరు దారిలో ఉండే ఒక అత్తగారు. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. కోడలికి ఐదో నెల. కిందటేడు సరిగ్గా ఐదో నెలలోనే డెంగీ జ్వరం వచ్చి కడుపు పోయింది. ఆ పిల్ల ఈసారి నెలలు కాదు, రోజులు లెక్కపెట్టుకుంటోంది. నాకూ లోపల భయంగానే ఉండేది. ఆ దోమ పగలే కుడుతుందని, మధ్యాహ్నం నడుం వాల్చినా తెర ఉండాలని చెప్పి, మందు పట్టించిన కొత్త దోమతెర మంచానికి నేనే కట్టాను.

అప్పుడే అత్తగారు మల్బరీ ఆకు గంపతో వచ్చింది. గంప వాకిట్లో దించి, ముక్కు ఎగబీల్చి, ఒక్క లాగు లాగి తెరను బయట పారేసింది. తర్వాత సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంది.

"ఈ ఇంట్లో అగరొత్తి గూడా ఎలిగించం. మందు తగిల్తే పురుగులన్నీ సచ్చిపోతాయి. మందుగుడ్డ తెచ్చి కట్టినావే, ఏం సదువు సదివినావమ్మా?"

నేను కోలారు గనుల కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. నాకు పట్టుచీర తెలుసు గానీ పట్టుపురుగు సంగతేం తెలుసు? తప్పు నాదే. అయినా నోరు ఊరుకుంటే కదా.

"మీకు కోడలు ముఖ్యమా, పురుగులు ముఖ్యమా?" అనేశాను.

ఆమె గంప ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. కోడలు తల దించుకుంది. తిరిగొచ్చే దారి పొడుగునా కాసేపు అత్తగారిని తిట్టుకున్నాను, కాసేపు నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, చెప్పాల్సిన మాటలన్నీ నెమరేసుకుంటూ మళ్ళీ వెళ్ళాను. గడపలోనే అన్నీ మరిచిపోయాను. కోడలి మంచానికి నాలుగు వైపులా నీలం తెర. పాత చీర అంచులతో బిగించి కట్టారు. లోపల ఆ పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుని వేయించిన చెనక్కాయలు తింటోంది.

ఆ తెర ఎక్కడిదో పెరట్లోకి వెళ్ళాక తెలిసింది. ఊజీ ఈగ అని ఒకటుంది. అది దూరి పురుగుల మీద గుడ్లు పెట్టిందంటే పంట పోయినట్టే. అది రాకుండా పురుగుల షెడ్డు తలుపుకీ కిటికీకీ కట్టుకున్న తెర అది. మందూ మాకూ లేని వట్టి తెర. ఇప్పుడు తలుపూ కిటికీ బోసిగా ఉన్నాయి. అత్తగారు తలుపు దగ్గర పీట వేసుకుని తువ్వాలుతో ఈగల్ని తరుముతోంది.

"మా పిల్లోడు కొత్త తెర తెచ్చేదానికి ముళబాగిలు పోయినాడు. అందాకా నేనే తెర" అంది, నా వైపు చూడకుండానే.

"ఒక్క పూట ఆగి, కొత్తది వచ్చినాక మార్చుకోవచ్చు కదమ్మా?"

"నేను ఆగుతా. ఆ దోమ ఆగుతాదా?"

"ఈలోగా ఈగ దూరితే?"

"దూరితే ఈ పంట పోతాది. ఇంగో పంట పెట్టుకుంటాము. కిందటేడు పోయిన బిడ్డ మళ్ళా వచ్చిందా నర్సమ్మా?"

నిన్న నేనన్న మాటకు నా మీద నాకే అసహ్యం వేసింది. పైట నడుముకు దోపుకుని, చేతికందిన చాట తీసుకుని ఈగల్ని తరమడానికి షెడ్డు కిటికీ దగ్గర నిలబడ్డాను.