లాంజ్‌లో ఎవరూ పిలవరు

తెలంగాణ కోసం డోర్నకల్‌లో రైళ్లు ఆపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వారమే ఢిల్లీలో ఉన్న మా బిడ్డకు ఆపరేషన్ అని కబురొచ్చింది. రైళ్లు లేవు కాబట్టి అల్లుడు నాకూ నా భార్యకూ విమానం టికెట్లు, వాటితోపాటు ఎయిర్‌పోర్టులో కూర్చొని తినే లాంజ్‌కు చీటీలు పంపాడు. విమానం ఎక్కాల్సిన మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. ఈ విమానం తప్పితే లోపలికి తీసుకుపోయేలోపు బిడ్డను చూడలేము.

లాంజ్ అంటే ఏదో అనుకున్నాను. మెత్తటి కుర్చీలు, ఉప్మా, ఇడ్లీ, చల్లారిన సాంబారు, మిషన్ చాయ్. అంతే. సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నా, బస్సులో వేసినట్టు రెండింటి మీద తువ్వాల వేసి ఆపాను. జనగామ బస్టాండులో కండక్టర్ కేకేసినట్టు ఇక్కడా ఎవరో వచ్చి పిలుస్తారని ధీమాగా కూర్చున్నాను.

చాలాసేపటికి, కప్పులు తీసే అమ్మాయిని అడిగాను.

"బిడ్డా, ఢిల్లీకి పోయేటోళ్లను ఎప్పుడు పిలుస్తరు?"

"ఈడ ఎవ్వలు పిలువరు బాపు. గా టీవీల చూసుకోవాలె." మా టికెట్ చూసి, టీవీ చూసి, "జల్ది ఉరుకుండ్రి, తలుపు మూస్తున్నరు" అంది.

ఉరికాం. "పటేలు తీరుగ కూసున్నవ్, ఒక్కమాట ముందుగాల అడగరాదా?" అని నా భార్య దారంతా తిట్టింది. మేము ఎక్కినాకే తలుపు మూశారు. సగం తిని లేచిన ఉప్మా ఆమె చేతికి అట్లాగే అంటుకొని ఉంటే సీటు బెల్టు నేనే పెట్టాను.

"బిడ్డకు చెప్పకు" అన్నాను.

"ఆపరేషన్ అయినంక చెప్త" అంది.