సెలీనియం తెచ్చిన నీలాపనింద

ఆ ఏడు మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. శామీర్‌పేటలోని మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి బందు. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి మంచినీళ్లు అడిగితే, మా అత్తమ్మ చెంబు అందించబోయి ఆగిపోయింది.

"ఇంట్ల సామి ఉండంగ ఎల్లిగడ్డ తిన్నవా?"

"తినలే అత్తమ్మా."

"నీ నోరే చెప్తాంది గదనే!"

నాకు ఒళ్లు మండింది. మా ఆయన "స్వామి శరణం" అనుకుంటూ పూజగదిలోకి జారుకున్నాడు. పళ్లు తోముకున్నా, యాలకులు నమిలినా వాసన పోలేదు. అది నోటిలోది కాదు, ఊపిరిలోది. అప్పుడు తట్టింది, ఇది సెలీనియం పని అని.

మేడ్చల్‌లో గాజుకు రంగుపొడులు చేసే చిన్న ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో నా ఉద్యోగం. రోజూ సెలీనియంతోనే పని. గంధకానికి చుట్టం అది. ఎర్రపొడిని కరిగించి చప్పున చల్లారిస్తే నల్లగా, గాజులా పెళుసుగా అవుతుంది. అదే నిదానంగా వేడి మీద ఉంచితే లోహంలా బూడిదరంగు తేలుతుంది. అప్పుడిక వెలుతురు పడితే దాంట్లో కరెంటు బాగా పారుతుంది, చీకట్లో మొరాయిస్తుంది. మన ఒంటికి అది రవ్వంత కావాలి, మించితే విషం. మించినదాన్ని ఒళ్లు ఊపిరితో బయటికి తోస్తుంది, అచ్చం వెల్లుల్లి వాసనతో. గ్రీకుల చంద్రుడి పేరు పెట్టారు దీనికి. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలంటారు, నాకు ఈ చంద్రుడు తెచ్చిపెట్టాడు.

నా ఊపిరిలో ఆ వాసన ఉందంటే, సెలీనియం కరిగించేటప్పుడు లేచే పొగను మా గదిలోని ఫ్యాను బయటికి లాగడం లేదన్నమాట. మర్నాడు సూపర్‌వైజర్‌కు చెప్పాను.

"ఫ్యాను తిరుగుతనే ఉంది గదమ్మా. ఇంట్ల ఏం తిని వచ్చినవో ఎవలకెర్క?" అన్నాడు.

అత్తమ్మదీ ఆయనదీ ఒకే మాట! ఉద్యోగం ఏమవుతుందోనన్న భయం ఎటో పోయింది. తేల్చుకోవాల్సిందే అనుకుని, ఆ రాత్రి అత్తమ్మకు ఫ్యాక్టరీ పొగ సంగతి చెప్పాను.

"నన్ను నమ్మకు అత్తమ్మా. రేపు డ్యూటీ దిగే టైముకు గేటు కాడికి రా. నాతోని పనిచేసే ఆమె ఇంట్ల గూడ మాల ఏసిండ్రు. ఆమెతోని మాట్లాడి చూడు."

వచ్చింది. సూరారం నుంచి వచ్చే ఆ తోటి ఉద్యోగిని నోరు తెరిచి "బాగున్నవా పెద్దమ్మా" అనగానే అదే వెల్లుల్లి వాసన కొట్టి అత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత నా చేయి పట్టుకుని నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి నడిచింది.

"బిడ్డా, మా ఇంట్ల ఎల్లిగడ్డ పొట్టు గూడ లేదు. గీ వాసన మీ పొగది."

నేను ఆయన్ను లోపలికి తీసుకెళ్లి, పొగ పోయే గొట్టం నోటి దగ్గర పలచటి కాగితం పట్టాను. ఫ్యాను తిరుగుతోంది. కాగితం మాత్రం కదల్లేదు. పైగొట్టం పొడితో పూడిపోయి ఉంది. అది బాగయ్యేదాకా ఆ గదిలో అడుగు పెట్టేది లేదని నేనూ, ఆ తోటి ఉద్యోగినీ తెగేసి చెప్పాం. గొట్టం మార్చారు.

వాసన మాత్రం అంత తొందరగా వదల్లేదు. తాగి బండి నడిపేవాళ్లను ఆపే పోలీసులా, అత్తమ్మ రోజూ గుమ్మంలోనే "ఊదు" అనేది. మా ఆయన శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక కూడా ఆ పరీక్ష ఆగలేదు. ఒక సాయంత్రం ఊదించుకుని, మళ్లీ ఊదమంది. ఏ వాసనా లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని రోటి దగ్గర కూర్చుంది. వేడి అన్నంలో వెల్లుల్లి కారం కలిపి ముద్ద నా నోటికి అందించింది.

"తిను బిడ్డా. ఇగ వాసనొస్తే నాదే తప్పు."