అట్ట తిరగేసిన జపాను గుర్రం

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు పెంచి చెప్పే అలవాటు ఉంది. మా ఇంట్లో పిల్లి ఈనితే వీధి చివరికి వెళ్ళేసరికి అది పులి అయ్యేది, బస్టాండు చేరేసరికి దానికి రెక్కలొచ్చేవి. కాబట్టి నేను చెప్పేదాన్ని పాఠకులు కాస్త పిండి, ఆరేసి వాడుకోవాలి. ఇందులో బొత్తిగా జరగనిది ఏదో చివర్లో నేనే చెబుతాను.

కరోనా తగ్గి బళ్ళు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, కొత్త పత్తి యార్డుకు రావడం మొదలైన రోజుల్లో, నేను ఆదోనిలో ఒక పఠన మందిరానికి గ్రంథపాలకుణ్ణి. పత్తి వర్తకులు నలుగురూ కలిసి నడిపే ప్రైవేటు గ్రంథాలయం అది. హోదా ప్రకారం నా పైన కార్యదర్శి, ఆయన పైన కమిటీ, కమిటీ పైన సీలింగు ఫ్యాను. నా కింద కుర్చీ తప్ప ఎవరూ లేరు. దానికీ ఒక కాలు పొట్టి.

కార్యదర్శి వీరభద్ర శెట్టి గారికి జిన్నింగు మిల్లు ఉంది. చిటికెడు పత్తి తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి పింజ ఎంత పొడుగో చెప్పేస్తారు. పుస్తకాలనూ అలాగే పరీక్షించేవారు. పుట కొసను వేళ్ళతో నలిపి "గట్టి సరుకే" అంటే కొనాలి, "నాసి" అంటే వెనక్కి పంపాలి. లోపల ఏం రాసి ఉందన్నది ఆ పరీక్షలో లేదు.

ఒకరోజు ఆయన పిల్లల గది గుమ్మంలో నిలబడి, లోపలున్న ఖాళీ బల్లలను లెక్కపెట్టినట్టు చూశారు.

"ఏమప్పా, పిల్లోల్ల గదంటివి. పిల్లోల్లు యాడుండారు?"

శనివారం వస్తారని చెప్పాను.

"వచ్చేది సదివేదానికా, ఫ్యాను గాలికా? గ్రంథాలయ వారోత్సవాలకు నేనొస్తా. గది నిండా పిల్లోల్లు సదువుతాండేది నా కంటికి కనపడల్ల. ల్యాకుంటే ఈడ పత్తి నమూనాలు పెట్టిస్తా."

శనివారాలు వచ్చేది హసీనా టీచరు పిల్లలు. ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో ఒకే గదిలో రెండు తరగతులు నడిపే మనిషి ఆమె. పక్క వీధి తెలుగు బడి పిల్లలు కొందరు వాళ్ళ వెనకాలే వచ్చేవారు. ఇంతమందీ బొమ్మల పుస్తకం చేతపట్టి కూర్చోడానికి ఊళ్ళో మా గది తప్ప వేరే చోటు లేదు. కానీ శెట్టి గారన్నదీ అబద్ధం కాదు. మా బొమ్మల పుస్తకాలు ఎంత పాతవంటే, వాటిలోని సింహాలకు జూలు ఊడిపోయింది. పిల్లలు ఫ్యాను కిందే కూర్చునేవారు.

ఆ వారంలోనే హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకున్న శెట్టి గారి తమ్ముడి కూతురు ఒక పెట్టె పంపింది. అందులో అర డజను జపాను బొమ్మల కథలు. ఫోన్లో నాకు చిన్న పాఠం కూడా చెప్పింది. ఇవన్నీ ఒకే పెద్దాయన గీసినవట. ఆ దేశంలో బొమ్మల కథ ఈనాడున్న తీరుకు దారి వేసింది ఆయనేనట. తర్వాత ఆ బొమ్మలను టీవీలో కదిలించాడట. వారం వారం అన్ని బొమ్మలు గీయడం కుదరక, మనిషిని కదలనివ్వకుండా నోరొక్కటే ఆడించే ఉపాయం వాడాడట. మా కమిటీ సమావేశాలు గుర్తొచ్చి, ఆ పెద్దాయన మీద నాకు వెంటనే గౌరవం కలిగింది. ఆయన పేరు పలకబోయి నాలుక మడతపడింది. అందుకని మా మందిరంలో ఆయన జపానప్ప అయ్యాడు.

కొత్త పుస్తకం రాగానే మా వృత్తిలో కొన్ని సంస్కారాలు జరగాలి. ముందు దానికి వరుస సంఖ్య ఇస్తాం. శీర్షిక పుట మీద ముద్ర కొడతాం. దొంగ ఆ పుట చింపేసినా పట్టుకోడానికి, గ్రంథపాలకుడికే తెలిసిన ఒక రహస్య పుట మీద ఇంకో ముద్ర కొడతాం. వర్గ సంఖ్య రాస్తాం, బొమ్మల కథలకు అది 741.5. చివరగా, ముందు అట్ట ఎత్తగానే కనిపించే పుట మీద, తిరిగి ఇవ్వాల్సిన తేదీల చీటీ అంటిస్తాం. ఇవన్నీ చేసేటప్పుడు పుస్తకం చదవాలని ఏ నిబంధనా లేదు. నేను నిబంధన దాటే మనిషిని కాను.

చీటీలన్నీ అంటించాక తెలిసింది, పుస్తకాలకు పేరున్న అట్ట వెనకవైపు ఉంది. ఆరింటికీ అంతే. బైండింగులో అట్ట తిరగబడటం మామూలు లోపమే, నా చేతుల మీదుగా అలాంటివి లక్ష దాటి ఉంటాయి. లోపం నిర్ధారించి, ఆరింటినీ ఎమ్మిగనూరు గోవిందుకు పంపాను. మగ్గాల ఇంట్లో పుట్టి బైండింగు పట్టినవాడు. మిగిలిన పడుగు దారంతో అతను కుట్టిన పుస్తకానికి ఏనుగును కట్టినా పుట ఊడదు. అట్టలు పీకి, పేరున్నది ముందుకు వచ్చేలా అంటించమన్నాను. వారం తిరక్కుండా ఒక పుస్తకం చేసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు.

ఆ రాత్రి దాన్ని ఇంటికి తీసుకెళ్ళాను. ఒక్కొక్క బొమ్మ కన్ను మా రైల్వే స్టేషను గడియారమంత. మాటలు తక్కువ, ఉన్నవి ఇంగ్లీషులో. ఒక తలుపు తెరుచుకోవడానికి ఆయన ఐదారు గళ్ళు వాడతాడు, సినిమా కెమెరా మెల్లగా దగ్గరికి పోయినట్టు. కథ మాత్రం విచిత్రం. సముద్రపు ఒడ్డున చనిపోయి పడున్న ముసలాయన లేచి కూర్చుంటాడు. సముద్రంలోంచి ఒక రేకు గుర్రం పైకొస్తుంది. కాలిపోయిన సర్కసు డేరా మంటలారి నిలబడుతుంది. గుర్రం వెనకడుగులు వేసుకుంటూ ఊరు చేరుతుంది. చివరికి ముసలాయన దాని మరలు ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పెడతాడు. పక్కన మనవరాలు నిద్రపోతూ ఉంటుంది.

నాకు మతి పోయింది. మరణం నుంచి మొదలుపెట్టి పుట్టుక దాకా నడిపించిన కథకుణ్ణి నేనెక్కడా చూడలేదు. మర్నాడు కమిటీ ముందు, జపానీయుల కాల తత్వం మీద, మూడు పూటలపాటు ఉపన్యసించాను. గోడ మీది బల్లులు కూడా తలలు ఊపాయి.

శనివారం హసీనా టీచరు వచ్చింది. ఆమెకూ అదే తత్వం చెబుతూ పుస్తకం చేతికిచ్చాను. వింటూనే ఆమె అలవాటుగా పుస్తకాన్ని బోర్లించి, కుడివైపు నుంచి తెరిచింది. నాలుగు పుటలు తిప్పింది. నా ఉపన్యాసం ఆగేదాకా ఓపిక పట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారూ, ఇదేం తత్వమూ కాదు. మా ఒకటో తరగతి ఉర్దూ అచ్చరాల పుస్తకం, కాయిదా మాదిరి కుడి నుంచి సదవాల, అంతే. తాత గుర్రం చేస్తాడు, గుర్రం సర్కసుకు పోతాది, డేరా కాలిపోతాది, అది సముద్రంలో పడతాది, తాత దాని కోసం కూసొని కూసొని పోతాడు. మీరు తాతను లేపి కూసోబెట్టినారు!"

గళ్ళు కూడా కుడి నుంచి ఎడమకేనని వేలు పెట్టి చూపించింది. నేను ఒప్పుకోలేదు. అలా అయితే అచ్చువేసినవాళ్ళు ఎక్కడో ఒక చోట చెప్పి ఉండాలి కదా అని వాదించాను. ఆమె నేనంటించిన తేదీల చీటీ కొసను గోరుతో లేపింది. కింద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఉంది: ఆగండి, మీరు తప్పు వైపు నుంచి తెరిచారు.

"సెప్పినారు సారూ. మీరే దాని నోరు మూసి గమ్ము పెట్టినారు."

అప్పటికి మిగిలిన ఐదూ గోవిందు దగ్గరే ఉన్నాయి. వారోత్సవాలు రెండు రోజుల్లో. అవీ తిరగబడి వస్తే ఆమె పిల్లలకు కథ తలకిందులవుతుంది, గదిలోకి పత్తి వస్తుంది. వెంటనే ఎమ్మిగనూరు బస్సెక్కాను. సీటు దొరక్క మెట్ల మీద వేలాడాను. ఒక మేక నా జేబులోంచి టికెట్టు లాగి తినేసింది. కండక్టరు నాకు ఇంకో టికెట్టు కొట్టాడు, మేకకు కొట్టలేదు. బస్సు ఆగకముందే దూకి, మగ్గాల చప్పుళ్ళ మధ్య పరుగెత్తి గోవిందును పట్టుకున్నాను.

"అయిపోయినాయన్నా! అన్నీ తిరగేసినా. అట్టలు మెరుస్తాండాయి!" అన్నాడు.

తిరగేయకూడదు, పుస్తకాలు సరిగ్గానే ఉన్నాయి, నా ఉద్యోగం మునిగింది అని గగ్గోలు పెట్టాను.

"అట్లనా? అయితే యాడ తిరగేసినా అన్నా... మూటే ఇప్పలేదు ఇంగా."

గోవిందు బద్ధకానికి ఆ రోజు మనసులో గుడి కట్టాను. ఐదు పుస్తకాలూ వచ్చినవి వచ్చినట్టే ఆదోని చేరాయి. చీటీలు పీకి అటువైపు అంటించాను.

శెట్టి గారు వచ్చిన రోజు గదిలో బల్లలు చాలక పిల్లలు నేల మీద కూర్చున్నారు. ఫ్యాను వైపు ఎవరూ చూడలేదు. ఉర్దూ బడి పిల్లలు తెలుగు బడి పిల్లలకు దారి చూపుతున్నారు. "ఈడ కాదు, ఆడ నుంచి! మళ్ళా ఎడమకొచ్చినావు సూడు!" అని ఒక గడుగ్గాయి అరిచింది. మీసాల ముసలి బొమ్మ ఒకటి ఒక పుస్తకంలో పోలీసు, ఇంకోదాంట్లో వంటవాడు. నాటకం కంపెనీలో నటుణ్ణి గుర్తుపట్టినట్టు "మళ్ళా ఈయప్పే వచ్చినాడు!" అని గది గదంతా గోల.

ఆ గోలలో శెట్టి గారు ఎవరి చేతిలోనూ లేని ఒకే ఒక పుస్తకం అందుకున్నారు. గోవిందు అట్ట తిరగేసిన గుర్రం కథ. పుట కొస నలిపి "గట్టి సరుకే" అన్నారు. తర్వాత, నా సర్వీసులో మొదటిసారి, లోపల చూశారు. ఎడమ నుంచే చూశారు. చివరి పుట దాకా పోయి, కళ్ళజోడు తీశారు.

"బాగుండాదప్పా. సచ్చినోడు లేసినాడు. కాలింది నిలబడింది. మన కోసిగోల్లు సుగ్గికని కూలి పనులకు వలసబోయి మూటాముల్లెతో తిరిగొచ్చినట్ల, పోయినోల్లంతా ఇల్లు సేరినారు."

నేను నోరు మూసుకున్నాను. హసీనా టీచరు మూసుకోలేదు. పాఠం తప్పు చదివితే ఊరుకునే మనిషి కాదు.

"మీరు ఎనక నుంచి సదివినారు శెట్టి గారూ. ఈ పక్క నుంచి సదవాల."

"ఆ పక్క నుంచి సదివితే ఏమైతాది టీచరమ్మా?"

"గుర్రం మునిగిపోతాది. తాత సచ్చిపోతాడు."

శెట్టి గారు పుస్తకాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశారు.

"మరి తెలిసి తెలిసి ఆ పక్క నుంచి ఎందుకు సదవల్లమ్మా?"

టీచరు పుస్తకం అందుకుని తాత పోయే పుట మళ్ళీ తీసి చూసింది. నమూనాలను మేడ మీదికి పంపమని శెట్టి గారు అక్కడికక్కడే చెప్పారు. గది పిల్లలకే ఉండిపోయింది. ఒక్క షరతు పెట్టారు, ఆ పుస్తకం అట్ట మళ్ళీ ఎవరూ సరిచేయకూడదు. నేను స్వచ్ఛంద విరమణ తీసుకునే నాటికి కూడా అది అలాగే ఉంది. పిల్లలు దాన్ని కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి చదివి వరుసలో పెట్టేవారు.

ఈ ఉదంతం నాకు వృత్తిలో రెండు విషయాలు నేర్పింది. లోపం ఉందని రాసే ముందు పుస్తకాన్ని అవతలి వైపు నుంచి కూడా తెరవాలి. అచ్చు ఉన్న పుట మీద చీటీ అంటించకూడదు.

ఇక చివర్లో చెబుతానన్నది. నేను ఎమ్మిగనూరు పోలేదు. బస్సూ లేదు, మేకా లేదు. కుర్చీలోంచి లేవకుండా గోవిందుకు ఫోన్ చేశాను, మా మాటలన్నీ ఫోన్లో జరిగినవే. శెట్టి గారి ప్రశ్న మాత్రం ఆయన అడిగిందే. దానికి సరైన జవాబు ఒకటి కల్పించి ఇక్కడ టీచరమ్మ నోట పెడదామని చాలా చూశాను. ఇంత పెంచి చెప్పేవాణ్ణి, అది మాత్రం చేతకాలేదు.