స్వప్నకి దొరికిన తామరపువ్వు బిళ్ళ

మా చిన్నప్పుడు... తొంభైల మొదట్లో, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో, ఆదివారం పొద్దున్నే పిల్లలమంతా పాత నాణేలు గుప్పిట్లో పట్టుకుని పై అంతస్తు మల్హోత్రా అంకుల్ వరండాలో చేరేవాళ్ళం...

ఆయనకి నాణేల పిచ్చి. ఒక్కోటీ తిప్పి చూసి, ఇలాంటివి ఇంకెక్కడైనా చూశావా అని ఆరా తీసి, తీర్పు చెప్పేవారు. "గలీ కా" అంటే వీధికొకటి మిగిలుంటుందని. "షహర్ కా" అంటే ఊరికొకటి. నేనేం తీసుకెళ్ళినా గలీ కానే...

కింద క్వార్టర్‌లో ఉండే స్వప్నకి సరోజినీ నగర్ కూరలవాడిచ్చిన చిల్లరలో ఇరవై పైసల ఇత్తడి బిళ్ళ దొరికింది. మీద తామరపువ్వు. ఇలాంటివి జనం కరిగించేసుకున్నారట, బజారులో కనబడటమే మానేశాయట. అంకుల్ కళ్ళజోడు సవరించుకుని "షహర్ కా!" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద ఢిల్లీకి ఒక్కటుంటే అది స్వప్నకే దొరకాలా? లెక్కల్లోనూ దానికే ఎక్కువ మార్కులు... వారం రోజులు దానితో మాట్లాడలేదు. అది గమనించను కూడా లేదు!

ఇంతలో శ్రావణ శుక్రవారం వచ్చింది. అమ్మమ్మ ఆ ఏడే ఊరినుంచి పంపిన డబ్బా తీసి, అమ్మ పళ్ళెంలో గుమ్మరించింది. గలగలమంటూ... అన్నీ తామరపువ్వు బిళ్ళలే! లక్ష్మీదేవి పూజకి, నామానికొకటి చొప్పున నూట ఎనిమిది. బజారులో మాయమైనవన్నీ మనవాళ్ళ దేవుడి అరల్లో దాక్కున్నాయన్నమాట.

సాయంత్రం అంకుల్ ఆఫీసు నుంచి రాగానే స్వప్నని కూడా లాక్కుపోయాను.

"అంకుల్, హమారే ఘర్ మే ఏక్ సౌ ఆఠ్ హై! ఇస్‌కా గలీ కా కర్ దో!" అన్నాను, స్వప్న బిళ్ళని గలీ కాకి దించెయ్యమని.

"బేటా, మందిర్ సే బాహర్ ఆయేగా క్యా?" అని పకపకా నవ్వారాయన. దేవుడి దగ్గర్నుంచి కదలనిది లెక్కలోకి రాదట. ఒక్కటి తెచ్చి చూపిస్తే స్వప్నది దించేస్తానన్నారు.

అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను.

"అమ్మవారి సొమ్మే అది! ఒక్కటి తగ్గినా పూజకి పనికిరావు. చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే... మా ఇంట్లో పూజారి మా అమ్మే. డబ్బా నిండా ఉన్నాయి, నాకు మాత్రం ఒక్కటీ లేదు. మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే స్వప్న వచ్చి నా చేతిలో తన బిళ్ళ పెట్టింది.

"అరే, రో మత్ యార్... ఈ వారం నువ్వుంచుకో."

అది మరీ భరించలేకపోయాను. మంచితనంలో కూడా అదే ఫస్టు! బిళ్ళ తిరిగిచ్చేసి ఇంకాస్త గట్టిగా ఏడ్చాను.

ఇప్పుడు ఏ నాణెం ఎంత అరుదో ఫోనే చెప్పేస్తోంది. తామరపువ్వు బిళ్ళలూ కావలసినన్ని అమ్ముతున్నారు. ఓసారి కొనబోయి ఆగిపోయాను... నాక్కావలసింది స్వప్న దగ్గరున్నది కదా! పక్కింటికి కొత్త కారొచ్చినా, ఎవరి పిల్లలకి ఏ ర్యాంకొచ్చినా, ఇప్పుడు అంత మనస్ఫూర్తిగా కుళ్ళుకోవడం కూడా చేతకావడం లేదు...

మీరూ చెప్పండి... ఎవరి చేతిలోది చూసి మీరు అంతలా కుళ్ళుకున్నారు?